దానియేలు 4వ అధ్యాయం: ఆ పన్నెండు నెలలు రాజు ఏం చేసినట్టు?

ఆదివారం_క్లాసు
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. ఎల్లుండి మా సంఘంలో యూత్ కూడికకు వాక్యం చెప్పమని మా పాస్టరు అయ్యగారు నాకు అప్పజెప్పారు. అంశం ఆయనే ఇచ్చారు: గర్వం, తగ్గింపు, పడిపోయిన రాజులు. టైము ఇరవై నిమిషాలు. నేను దానియేలు నాలుగో అధ్యాయం పట్టుకున్నాను.

కథ అందరికీ తెలిసిందే. బబులోను రాజు నెబుకద్నెజరుకు కల వస్తుంది. ఆకాశాన్నంటే చెట్టు, నీడలో జంతువులు, కొమ్మల్లో పక్షులు. పైనుంచి ఒక పరిశుద్ధుడు దిగొచ్చి చెట్టు నరికేయండి, మొద్దు మాత్రం ఇనుము ఇత్తడి కట్టుతో నేలలో ఉండనివ్వండి అంటాడు. దానియేలు వచ్చి, ఆ చెట్టు నువ్వే రాజా అని చెబుతాడు. తర్వాత ఏడు కాలాలు (ఏడేళ్లని అంటారు) రాజు ఎద్దులా గడ్డి మేస్తాడు, మంచుకు తడుస్తాడు, గోళ్లు పక్షి గోళ్లలా పెరుగుతాయి.

నేను ఆగిపోయింది 29వ వచనం దగ్గర. కలకీ, శిక్షకీ మధ్య పన్నెండు నెలలు గడిచాయట. ఆ తర్వాత మేడ మీద పచార్లు చేస్తూ "ఈ మహా బబులోను నేను కట్టించినదే కదా" అన్నాడు. ఆ ఏడాది ఎందుకు? సండే స్కూల్లో ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. ఫ్లానెల్ బోర్డు మీద గడ్డి తినే రాజు బొమ్మ అంటించేవాళ్లు, మేము నవ్వేవాళ్లం, అంతే. మీకేమైనా తడితే చెప్పండి.

పాతమాస్టారు
శుక్రవారం, రాత్రి 9:50

బాబూ, 29 చదివే ముందు 27 చదవండి. కల భావం చెప్పి దానియేలు ఊరుకోలేదు. నీ పాపాలు మాను, న్యాయంగా నడుచుకో, బాధల్లో ఉన్నవాళ్ల మీద కనికరం చూపు, అప్పుడు నీ క్షేమం ఇంకొంత కాలం నిలవొచ్చు అన్నాడు. ఆ పన్నెండు నెలలూ ఆ మాటకు ఇచ్చిన గడువు.

ఇంకో సంగతి. కల విన్నాక దానియేలు గంటసేపు నోరు మెదపలేకపోయాడని 19వ వచనంలో ఉంది. తర్వాత "ఏలినవాడా, ఈ కల నీ శత్రువులకు తగలాలి" అన్నాడు. ఎవరితో అంటున్నాడో చూడండి. క్రీ.పూ. 586లో యెరూషలేమును కాల్చి, గుడి కూల్చిన రాజు ఇతనే. దానియేలు అతను చెరపట్టి తెచ్చిన కుర్రాడు. అలాంటివాడు లోపల సంతోషపడాలి కదా, కల భావం తెలిసి గంటసేపు కలవరపడ్డాడు. నేను నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. తప్పు దిద్దేటప్పుడు అవతలివాడు చెడిపోవాలని మనసులో ఉంటే ఆ మాట వాడి చెవికెక్కదు.

ఆదివారం_క్లాసు
శుక్రవారం, రాత్రి 10:05

మాస్టారూ, గర్వం అంటే గొప్పలు చెప్పుకోవడం అనే అనుకుంటూ వచ్చాను. 27 ప్రకారం చూస్తే ఆ రాజ్యంలో బీదవాళ్లు ఎలా ఉన్నారన్నది కూడా లెక్కలోకి వస్తోందే.

ఇటుకముక్క
శుక్రవారం, రాత్రి 11:31

చరిత్ర వైపు నుంచి నాలుగు మాటలు. నెబుకద్నెజరు రెండోవాడు క్రీ.పూ. 605 నుంచి 562 దాకా ఏలాడు. "నేను కట్టించినది" అన్న మాటలో అబద్ధం లేదు. జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త కోల్డెవే 1899 నుంచి 1917 వరకు అక్కడ తవ్వితే ఈయన పేరు అచ్చు వేసిన ఇటుకలు కుప్పలుగా దొరికాయి. నీలి రంగు ఇటుకల ఇష్తార్ ద్వారాన్ని బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఇటుకల మీద మామూలుగా ఉండే రాత ఇది: నెబుకద్నెజరు, బబులోను రాజు, ఎసగిల, ఎజిద గుళ్ల పోషకుడు, నబోపొలస్సరు పెద్దకొడుకు. చూడండి, ఇటుక మీద దేవుడి గుడి పేరుంది, తండ్రి పేరుంది. మేడ మీదికెక్కేసరికి ఆ రెండూ పోయి "నేను" ఒక్కటే మిగిలింది.

ఇంకోటి. ఏడు కాలాలు పిచ్చిపట్టి తిరిగినట్టు ఈ రాజు గురించి బబులోను పలకల్లో ఎక్కడా లేదు. మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన ఒక అరామిక్ చుట్ట ముక్కలో మాత్రం దీనికి దగ్గరి కథ ఉంది. అందులో రాజు నబోనిదస్, బబులోను ఆఖరి రాజు. తేమా ఎడారి ఊళ్లో ఏడేళ్లు జబ్బుపడితే ఒక యూదుడు అతనికి దారి చూపుతాడు. నబోనిదస్ నిజంగానే పదేళ్లపాటు రాజధాని వదిలి తేమాలో ఉన్నాడు. అందుకని ఈ కథ మొదట అతని గురించే పుట్టిందని చాలామంది పండితులు అంటారు. యూత్ కూడికలో ఇది చెప్పొద్దు, అయ్యగారు మళ్లీ మైకు ఇవ్వరు.

బస్రా_టు_బాపట్ల
శనివారం, ఉదయం 6:20

బబులోను పేరు వినగానే ఆగలేకపోయాను. నేను ఇరాక్‌లో నాలుగేళ్లు పైపులైన్ పని చేశాను. ఒక సెలవు రోజు మా సైటు డ్రైవరు హిల్లా దగ్గరున్న ఆ శిథిలాలకు తీసుకెళ్లాడు. ఎండ మాడ్చేస్తోంది. గైడ్ ఒకాయన పాత గోడ కింది వరసల్లో నెబుకద్నెజరు ముద్ర ఉన్న ఇటుక చూపించాడు. మేకు గుర్తుల్లాంటి రాత. వేలు పెట్టి తడిమితే గరుకుగా ఉంది. అదే గోడ పై వరసల్లో కొత్త ఇటుకలు, వాటి మీద అరబ్బీలో సద్దాం హుస్సేన్ పేరు. 1980లలో ఆయన ఆ కోటను మళ్లీ కట్టించేటప్పుడు పాత రాజులాగే తన పేరూ అచ్చు వేయించాడు. పక్కనే దిబ్బ మీద ఆయన రాజభవనం. లోపలికి వెళ్లాం. తలుపుల్లేవు, కిటికీల్లేవు, పాలరాతి గోడల నిండా కుర్రాళ్లు బొగ్గుతో రాసిన పేర్లు. మేడ మీద నుంచి చూస్తే బబులోను మొత్తం కనిపిస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది, పచార్లు మాత్రం చేయలేదు.

2019లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆల్టో_గొంతు
శనివారం, ఉదయం 7:45

ఇటుకల మీద పేర్లంటే నాకు మా చర్చి ఫ్యాన్లు గుర్తొచ్చాయి అన్నయ్యా. ఒక్కో రెక్క మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు. అందుకేనేమో ఆ దాత ముందు వరసలో కూర్చున్న రోజు ఫ్యాను వేయడానికి మా సెక్స్టన్ (చర్చి పనులు చూసుకునే) తాతకు చెయ్యి రాదు.

నవ్వులాటకు చెప్పినా, అందులో నాకో బాధ ఉంది. రెండేళ్ల కిందట మా ఊళ్లో మందిరం కొత్తగా కట్టారు. శిలాఫలకం మీద మందిరం పేరు కన్నా ఒక పెద్దమనిషి పేరు పెద్ద అక్షరాల్లో చెక్కించారు. కూలికెళ్లే ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి పెట్టి కూడబెట్టిన డబ్బు ఆ కట్టడంలో చాలా ఉంది, దాని ఊసే లేదు. కోయిర్ ప్రాక్టీసు అయ్యాక నేను అడిగాను. "పాటలు పాడేవాళ్లు పాటలు పాడుకోండి" అన్నారు. ఆ తర్వాత నెల రోజులు నాకు సోలో ఇవ్వలేదు. సరేలెండి. ఇక్కడ మీ అందర్నీ అడుగుతున్నది ఒకటే: బైబిల్లో రాజుకు ఎదురు చెప్పినవాళ్లకు ఏమైంది?

ఎదురుప్రశ్న
శనివారం, ఉదయం 10:10

నేను చర్చికి వెళ్లను గానీ బైబిలు చదువుతాను, కాబట్టి తిట్టకండి. "నాశనమునకు ముందు గర్వము నడచును" అని సామెతలు 16:18 గోడ క్యాలెండర్ల మీద వేస్తారు. నిజంగా అలా జరిగిందా? మనష్షే యూదాను 55 ఏళ్లు ఏలాడు, రక్తపాతం చేశాడు, సొంత కొడుకును అగ్నిగుండం దాటించాడు. ఇశ్రాయేలులో రెండో యరొబాము 41 ఏళ్లు హాయిగా ఏలాడు. మరి బుద్ధిమంతుడైన యోషీయా? ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపిస్తే బట్టలు చింపుకొని ఏడ్చాడు. అంత తగ్గించుకున్నవాడు 39 ఏళ్లకే మెగిద్దోలో బాణం తగిలి చచ్చిపోయాడు. పైగా "నువ్వు నెమ్మదిగా సమాధికి చేరతావు" అని హుల్దా ప్రవక్త్రి మాటిచ్చింది. మీ ఫార్ములా ఇక్కడ ఎలా పనిచేస్తుంది?

ఇటుకముక్క
శనివారం, ఉదయం 10:40

బాగా అడిగారు. ఇంకో ఉదాహరణ నేనిస్తాను. ఒమ్రీ. అష్షూరు (అస్సీరియా) వాళ్లు అతని వంశం పోయాక కూడా ఇశ్రాయేలు దేశాన్ని "ఒమ్రీ ఇల్లు" అనే రాసుకున్నారు. అంత పెద్ద రాజు. బైబిల్లోని రాజుల గ్రంథం అతన్ని ఏడెనిమిది వచనాల్లో తేల్చేసింది. అంటే ఆ గ్రంథం రాసినవాళ్లు కొలిచిన తూనిక వేరు.

మనష్షే విషయం కూడా చిక్కే. రాజుల గ్రంథంలో అతను చివరిదాకా దుర్మార్గుడే. దినవృత్తాంతాల గ్రంథంలో అష్షూరువాళ్లు గొలుసులేసి బబులోనుకు తీసుకెళ్తే అక్కడ మొరపెట్టుకొని, తగ్గించుకొని, తిరిగి రాజ్యానికొచ్చాడు. అష్షూరు రాతల్లో మనష్షే పేరు కప్పం కట్టే రాజుల వరసలో కనిపిస్తుంది, చెర సంగతి లేదు.

పాతమాస్టారు
శనివారం, మధ్యాహ్నం 12:15

యోషీయా సంగతి ఎత్తినందుకు సంతోషం బాబూ. చాలామంది ప్రసంగీకులు మెగిద్దోను చూసీ చూడనట్టు దాటేస్తారు.

రెండో దినవృత్తాంతములు 35 నెమ్మదిగా చదవండి. క్రీ.పూ. 609లో ఐగుప్తు (ఈజిప్టు) రాజు నెకో సైన్యంతో ఉత్తరానికి పోతున్నాడు. యోషీయా అడ్డం వెళ్లాడు. నెకో దూతల్ని పంపి "యూదా రాజా, నీతో నాకేం పని? నేను వచ్చింది నీ మీదికి కాదు, దేవుడు నన్ను త్వరపడమన్నాడు, అడ్డు రాకు" అన్నాడు. ఆ మాటలు దేవుని నోటి నుంచి వచ్చినవేనని గ్రంథకర్త తేటగా రాశాడు. యోషీయా వినలేదు. మారువేషం వేసుకొని యుద్ధానికి దిగాడు, బాణం తగిలింది.

ఒకే మనిషి. గుళ్లో దొరికిన గ్రంథం చెబితే విన్నాడు, హుల్దా చెబితే విన్నాడు. శత్రు దేశపు రాజు చెబితే మాత్రం, వాడు నాకు చెప్పేదేంటి అనుకున్నట్టుంది. అలాగని అంత మంచివాడి చావుకు ఇదొక్కటే కారణమని నేననను. మీ ప్రశ్న మీదే, దాన్ని నేను మింగేయలేను. కానీ ఆల్టో_గొంతు అమ్మాయి అడిగిన దానికీ దీనికీ లంకె ఉంది. ఈ రాజుల కథలన్నిటిలో పడిపోయే ముందు ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. ఆ చెప్పినవాణ్ణి రాజు ఏం చేశాడో అక్కడ ఆగి చూడండి.

నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికి వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు తలచుకుంటే నాతాను తల అక్కడే తెగేది. "నేను పాపం చేశాను" అన్నాడు. అహాబు చూడండి, నాబోతును చంపించి ద్రాక్షతోట లాక్కున్నవాడు. ఏలీయా ప్రవక్తను "నా శత్రువా" అని పిలిచినవాడు. వాడు కూడా మాట విన్నాక గోనెపట్ట కట్టుకొని మెల్లగా నడిచాడు. దేవుడు దాన్ని కూడా లెక్కలోకి తీసుకొని కీడును అతని కొడుకు కాలానికి జరిపాడు. కొన్నాళ్లకు మీకాయా ప్రవక్త నిజం చెబితే అతన్ని జైల్లో వేయించాడు, మారువేషంలో యుద్ధానికెళ్లి అతనూ బాణానికే పోయాడు.

ఆల్టో_గొంతు
శనివారం, మధ్యాహ్నం 12:50

మీకాయాకు జైలు, నాకు సోలో కట్. చవగ్గానే బయటపడ్డాను మాస్టారూ.

బస్రా_టు_బాపట్ల
శనివారం, మధ్యాహ్నం 1:30

సొలొమోను కొడుకు రెహబామును వదిలేశారు మీరు. సొలొమోను పోయాక జనం వచ్చి కాడి తేలిక చెయ్యమన్నారు. అతని తండ్రి కొలువులో ఉన్న పెద్దలు "ఈ రోజు నువ్వు ఈ జనానికి దాసుడివై మంచి మాట చెప్పు, వాళ్లు కలకాలం నీకు దాసులుగా ఉంటారు" అన్నారు. తనతో పెరిగిన కుర్రాళ్లు "నా చిటికెనవేలు నా తండ్రి నడుము కన్నా లావు, ఆయన కొరడాలతో కొట్టాడు, నేను కొరడా దెబ్బలు చాలవు తేళ్లతో దండిస్తాను అని చెప్పు" అన్నారు. ఈ రెండో మాటే తలకెక్కింది. పది గోత్రాలు ఒక్క పూటలో విడిపోయాయి. వెట్టిపనివాళ్ల మీద అధికారి అదోరామును మాట్లాడమని పంపితే రాళ్లతో కొట్టి చంపారు. జనం మండిపోతున్నదే వెట్టి మీద, అతను పంపింది వెట్టి అధికారిని! మా సైటులో జీతాలు ఆలస్యమైన రోజు జీతాలు కోసిన సూపర్‌వైజర్నే సర్దిచెప్పడానికి పంపారు. ఇంచుమించు అదే సీను, రాళ్లు ఒక్కటే తక్కువ.

ఆదివారం_క్లాసు
శనివారం, మధ్యాహ్నం 2:15

ఒక్క పేరుతో మొదలెడితే ఇంతమంది రాజులు దిగిపోయారు, నాకు టెన్షన్ మొదలైంది. యూదా రాజు ఉజ్జియాను కూడా చెప్పాలని అనుకున్నాను. పదహారేళ్లకు రాజయ్యాడు, 52 ఏళ్లు ఏలాడు. బురుజులు కట్టాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ప్రాణం. మా ఊరి పిల్లలకు ఆ ముక్క నచ్చుతుంది. బలపడ్డాక మనసు గర్వించి, యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం వేయడానికి తనే గుళ్లోకి వెళ్లాడు. అజర్యా అనే యాజకుడు ఎనభైమందితో వెళ్లి అడ్డం నిలబడ్డాడు. రాజు చేతిలో ధూపార్తి, మొహంలో కోపం. ఆ కోపంలో ఉండగానే నుదుటి మీద కుష్టు పుట్టింది. చచ్చేదాకా వేరే ఇంట్లో ఉన్నాడు. దీంతో ముగిస్తే గట్టిగా తగులుతుందా?

డిచ్‌పల్లి_మనవరాలు
శనివారం, సాయంత్రం 4:40

తమ్ముడూ, ఒక్క మాట. తప్పుగా అనుకోకు.

మా నాన్నమ్మ వాళ్లది నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి. అక్కడ కుష్టు రోగుల ఆసుపత్రి ఉంది, బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ మొదలుపెట్టింది. మా నాన్నమ్మ చిన్నప్పుడు ఆ ఆసుపత్రికి పాలు పోసేది. వేళ్లు లేని ఒకాయన రెండు మణికట్ల మధ్య చెంబు ఇరికించుకొని పాలు పోయించుకునేవాడట. ఒక్క చుక్క ఒలికేది కాదట. ఆయన ఏ రాజ్యం ఏలాడని ఆ రోగం వచ్చింది?

ఉజ్జియా కథ చెప్పు, వద్దనను. కానీ పిల్లలు "కుష్టు అంటే గర్వానికి శిక్ష" అనుకొని ఇంటికెళ్లకుండా చూడు. బైబిల్లో ఆ మాట రకరకాల చర్మరోగాలకు వాడారు, బట్టలకూ గోడలకూ కూడా వాడారు, ఇప్పుడు మనమనే జబ్బు అదే కానక్కర్లేదు. పైగా మందు ఉంది, నయమవుతుంది. మార్కు మొదటి అధ్యాయంలో యేసు కుష్టరోగిని ముట్టుకున్నాడు. అదీ చెప్పు.

ఆదివారం_క్లాసు
శనివారం, సాయంత్రం 4:58

అక్కా, నాకసలు తట్టనే లేదు. మా క్లాసులో ఒక పిల్లాడి తాతకు ఆ జబ్బు వచ్చి తగ్గింది. వాడి ముందే చెప్పేసేవాణ్ణి. చాలా థ్యాంక్స్.

ఇటుకముక్క
శనివారం, సాయంత్రం 5:30

ఉజ్జియా మీద చిన్న అనుబంధం. 1931లో యెరూషలేములో సూకెనిక్ అనే పండితుడు ఒలీవ కొండ మీది రష్యన్ మఠం సేకరణలో ఒక రాతిపలక గుర్తించాడు. అరామిక్‌లో ఇంతే ఉంది: "యూదా రాజైన ఉజ్జియా ఎముకలు ఇక్కడికి తెచ్చారు. తెరవొద్దు." అతను చచ్చిన ఏడు వందల ఏళ్ల తర్వాతి చెక్కడం. ఇప్పుడు ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. బతికుండగా వేరే ఇల్లు, చచ్చాక రాజుల సమాధుల్లోకి రానీయకుండా పక్క పొలం, తర్వాత ఎముకల్ని కూడా ఇంకో చోటికి మార్చారు. 52 ఏళ్లు ఏలిన రాజు.

ఎదురుప్రశ్న
శనివారం, సాయంత్రం 6:05

మాస్టారి లెక్క ఒప్పుకుంటా, ఒక్క అనుమానంతో. ఎవరో వచ్చి చెబుతారన్నారు. అపొస్తలుల కార్యములు 12లో హేరోదు అగ్రిప్పకు ఎవరు చెప్పారు? రాజవస్త్రాలు వేసుకొని ఉపన్యాసం చేశాడు. జనం "ఇది దైవస్వరమే కాని మానవస్వరము కాదు" అని కేకలేశారు. వెంటనే దూత మొత్తాడు, పురుగులు పడి చచ్చాడు. హెచ్చరిక లేదు, పన్నెండు నెలల గడువూ లేదు. అరిచింది జనం, శిక్ష ఇతనికి!

ఇటుకముక్క
శనివారం, సాయంత్రం 6:50

ఇది నాకిష్టమైన చోటు, కాస్త ఓపిక పట్టండి.

ఇదే సంఘటనను యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా రాశాడు. క్రీ.శ. 44, కైసరయ పట్టణం. కైసరు (రోమా చక్రవర్తి) గౌరవార్థం ఆటలు జరుగుతున్నాయి. రెండో రోజు తెల్లవారుజామున అగ్రిప్ప పూర్తిగా వెండితో నేసిన వస్త్రం వేసుకొని రంగస్థలంలోకి వచ్చాడు. తొలి ఎండ పడి ఆ వస్త్రం చూడలేనంతగా మెరిసింది. ముఖస్తుతి చేసేవాళ్లు నలుమూలల నుంచీ నువ్వు దేవుడివి అని అరిచారు. రాజు వాళ్లను గద్దించలేదు, కాదని అనలేదు. కాసేపటికి తలెత్తి చూస్తే పైన తాడు మీద గుడ్లగూబ.

ఈ గుడ్లగూబకు వెనక కథ ఉంది. ఎన్నో ఏళ్ల కిందట తిబెరియ కైసరు ఇతన్ని గొలుసులతో కట్టించినప్పుడు, ఆనుకున్న చెట్టు మీద ఒక గుడ్లగూబ వాలింది. తోటి ఖైదీ, జర్మనీవాడు, "నువ్వు త్వరలో విడుదలవుతావు, గొప్పవాడివవుతావు. ఈ పక్షి మళ్లీ కనిపిస్తే మాత్రం ఐదు రోజులే" అన్నాడు. అదే జరిగింది. కడుపునొప్పి, ఐదు రోజులు, 54వ ఏట చావు. కాబట్టి హెచ్చరిక లేదనకండి, జైల్లోనే చెప్పినవాడు ఉన్నాడు, జోసీఫస్ లెక్కలో. తమాషా ఏంటంటే, తర్వాత సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ దీన్ని ఎత్తి రాస్తూ గుడ్లగూబను తీసేసి దేవదూతను కూర్చోబెట్టాడు.

ఆల్టో_గొంతు
శనివారం, రాత్రి 8:20

గుడ్లగూబ కన్నా నాకు కార్యములు 12లోని 20వ వచనం తగిలింది. ఆ అరిచిన జనంలో తూరు, సీదోను పట్టణాలవాళ్లున్నారు. రాజుకు వాళ్ల మీద కోపం. వాళ్ల దేశానికి తిండి ఈ రాజు దేశం నుంచే రావాలి. అందుకని అంతఃపురం చూసుకునే బ్లాస్తును మంచి చేసుకొని, సమాధానం చేసుకుందామని వచ్చారు. అంటే అవి భక్తి కేకలు కావు. ఇంటి దగ్గర పిల్లలు పస్తులున్నారు, గోధుమలు కావాలి, ఈయన్ని దేవుడంటే వస్తాయంటే అందాం అనుకుని ఉంటారు. రేషన్ కోసం నిలబడ్డవాళ్ల చేత జేజేలు కొట్టించుకొని, అది నిజమనుకున్నాడు ఆ మనిషి.

ఎదురుప్రశ్నగారూ, అరిచినవాళ్లకు శిక్ష ఎందుకు పడలేదో నాకైతే అక్కడ జవాబు దొరికింది.

ఎదురుప్రశ్న
శనివారం, రాత్రి 8:41

దీనికి నా దగ్గర ఎదురు ప్రశ్న లేదండీ. ఆ 20వ వచనం ఎన్నోసార్లు చదివాను, ఏదో ఊళ్ల పేర్లని దాటేశాను.

పాతమాస్టారు
శనివారం, రాత్రి 9:15

అమ్మాయికి వెంటనే సోలో ఇవ్వాలి.

దానియేలు 4:27తో మొదలైంది, మళ్లీ అక్కడికే వచ్చింది చూశారా, బాధల్లో ఉన్నవాళ్ల దగ్గరికి. ద్వితీయోపదేశకాండం 17లో రాజు ఎలా ఉండాలో రాశారు. గుర్రాలు ఎక్కువ వద్దు, భార్యలు ఎక్కువ వద్దు, వెండి బంగారాలు విస్తారంగా వద్దు. ధర్మశాస్త్రం ప్రతి ఒకటి రాసుకొని రోజూ చదవాలి. ఎందుకంటే, తన సహోదరుల కన్నా తాను పైవాణ్ణని గర్వించకూడదు కాబట్టి. రాజుకు జనం సహోదరులట! సొలొమోను ఆ మూడూ దాటాడు, ఐగుప్తు గుర్రాలు, ఏడు వందలమంది భార్యలు, ఏటా 666 తలాంతుల బంగారం. మన పోతన బలి చక్రవర్తి నోట "కారే రాజులు" అనిపించినది తెలుగు పిల్లలందరికీ నోటికి వస్తుంది. అక్కడ ఆ మాట అంటున్నది సింహాసనం మీద కూర్చున్న రాజే. మేడ మీద నెబుకద్నెజరుకు అది స్ఫురించలేదు.

బాబూ, మీరు ఉజ్జియాను వదిలి హేరోదును తీసుకోండి. కుదిరితే లూకా 1:52 మరియ పాట చదివించండి, "సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను." ఆ పాట పాడినప్పుడు ఆమెకు ఏ పదవీ లేదు.

వేదిక_నిర్వాహకులు
శనివారం, రాత్రి 9:40

మధ్యలో ఒక సభ్యుడు ఇప్పటి రాజకీయ నాయకుల పేర్లు పెట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాం. ఎన్నికల కబుర్లకు వేరే విభాగం ఉంది.

ఆదివారం_క్లాసు
ఆదివారం, రాత్రి 8:30

చెప్పేశాను. ఇరవై నిమిషాలన్నది ముప్పై ఐదయింది. ఎలా జరిగిందో చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా.

మొదటి పది నిమిషాలు పిల్లలు సెల్ చూసుకుంటూనే ఉన్నారు. బస్రా అన్న చెప్పిన సద్దాం ఇటుకల దగ్గర తలలు లేచాయి. తర్వాత దానియేలు గంటసేపు మాట్లాడలేకపోయిన సంగతి చెప్పాను. మేడ మీదికి రాజును ఎక్కించి, గొంతు పెంచి "నేను కట్టించినదే కదా" అన్నానో లేదో, ఠప్పున కరెంటు పోయింది. మైకు పోయింది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. మా చర్చి ఫ్యాన్ల రెక్కల మీదా పేర్లే. ముందు బెంచీలో ఏడేళ్ల పాప తలెత్తి, కూడబలుక్కుంటూ గట్టిగా చదవడం మొదలెట్టింది, "కీ... ర్తి... శే... షులు..." పక్కవాడు రెండో రెక్క అందుకున్నాడు. కాసేపటికి అందరూ తలలు పైకెత్తి నాలుగు ఫ్యాన్లూ చదివేశారు. నాకు నవ్వాగలేదు. ఆల్టో అక్కా, తప్పంతా నీదే.

ఆ ఫ్యాన్లు ఇచ్చినాయన వెనక కుర్చీలోనే ఉన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఆయన లేచారు, ఏమంటారో అనుకున్నాను. నిచ్చెన ఎక్కడుందని సెక్స్టన్‌ను అడిగి బయటికి వెళ్లారు. కిటికీలు తీయడానికో, ఇంకెందుకో నాకు తెలియదు.

చివర్లో ఒక కుర్రాడు అడిగాడు, "అన్నా, ఆ ఏడేళ్లు దానియేలు ఎక్కడున్నాడు? పొలంలోకి వెళ్లి రాజును చూసొచ్చేవాడా?" వచ్చే వారం చెబుతానన్నాను. మాస్టారూ, ఎక్కడైనా ఉందా?

పాతమాస్టారు
ఆదివారం, రాత్రి 9:05

వాక్యంలో లేదు బాబూ. ఆ కుర్రాడి పేరు అడిగి పెట్టుకోండి. నేను రేపు పొద్దున మళ్లీ చదువుతాను.

ఆల్టో_గొంతు
ఆదివారం, రాత్రి 9:22

నిచ్చెన సంగతి తేలాక ఇక్కడ రాయడం మర్చిపోకు.